సార్‌కు ఎత్తంటే భయం

ఆ రోజు ఉదయం విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి నారాయణగూడలో డాక్టరు దగ్గరికి వెళ్లడం, పదకొండున్నరకు మార్కెట్లో దొండకాయలు కొనడం, పన్నెండున్నరకల్లా అశోక్‌నగర్‌లోని ఇంటికి వచ్చి భోజనానికి కూర్చోవడం. రిటైరై ఎనిమిదేళ్లయినా ఆయన పొద్దున్నే ఆ రోజు పనులు ఒక కాగితం మీద రాసుకుని, కింద పొట్టి సంతకం చేసి, జేబులో పెట్టుకుంటాడు. కాగితం మీదికి ఎక్కని పని జరిగినా జరగనట్టేనని, ఒక ప్రభుత్వ శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటు దాకా ఎదిగిన ఆ మనిషికి గట్టి నమ్మకం.

డాక్టరు అవసరం ఆయనకు కాదు, వాళ్ల అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తిమ్మప్పకు. తిమ్మప్పది పాలమూరు వైపు. మేస్త్రీగా పనిచేస్తూ మూడేళ్ల క్రితం గాంధీనగర్‌లో ఒక కొత్త బిల్డింగు మూడో అంతస్తు దగ్గర పరంజా మీంచి పడ్డాడు. ఎడమ కాల్లో రాడ్డు వేశారు. ఆ కాలు చూసి మూడేళ్ల గడువుతో వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చారు, దాని మీద పింఛను వస్తోంది. భార్య ఎంకమ్మ నాలుగు ఫ్లాట్లలో పనిచేస్తుంది. ఆ పింఛను కూతురు సరిత కాలేజీకి పోతుంది. ఇప్పుడు గడువు తీరుతోంది. ఆరు వారాల తర్వాత పునఃపరిశీలనకు రావాలనీ, ఈ మూడేళ్లలో చేయించుకున్న వైద్యం కాగితాలన్నీ తేవాలనీ నోటీసు వచ్చింది.

నోటీసు చదివిపెట్టమని వచ్చినవాడు చదివించుకుని వెళ్లిపోతే కథే లేదు. మర్నాడు మేడ మీద వాటర్ ట్యాంకు పొంగుతుంటే విశ్వేశ్వరరావు కేకేశాడు. తిమ్మప్ప మెట్ల మొదటి మలుపు దగ్గరే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖమంతా చెమట.

"ఏంటి తిమ్మప్పా, కాలు నొప్పా?"

"కాలు కాదు సారూ. పైకి పోవాలంటే మల్ల పడ్డట్టే అయితది. నిద్రల గూడ పడుతున్న. మూడేండ్ల సంది దినాం పడుతున్న సారూ."

"ఎంకమ్మకు చెప్పావా?"

"చెప్తే అది గూడ నిద్రపోదు."

"మరి మనసు డాక్టరుకి చూపించుకోవాల్సింది కదయ్యా!"

"చూపించుకుంటే కాయితం ఇస్తరు గద సారూ. ఆ కాయితాలే తెమ్మంటున్రు. పించిన్ ఇచ్చేది కాలుకు. తలకాయ గూడ ఖరాబైందంటే, నీ బాధ కాలుది కాదు పో అని కట్ చేస్తరు. పిల్ల కాలేజి ఆగిపోతది."

ఆ మాటలో విశ్వేశ్వరరావుకు తప్పేమీ కనిపించలేదు. కాలి ఫైలుకు తలకాయ కాగితం జతపరిస్తే అది రెండు సెక్షన్ల మధ్య నలిగి, ఏ బీరువాలోనో పడుకుంటుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. ఆ రాత్రి తింటున్న పెరుగన్నం మధ్యలో ఆపి మరీ ఆలోచించాడు. వైద్యం జరగాలి, కాగితం మాత్రం పుట్టకూడదు. కానీ వైద్యం జరిగాక కాగితం పుట్టక మానదు. అయితే అది తిమ్మప్ప పేరు మీద పుట్టాలని ఎక్కడుంది?

"నా పేరు మీద పుట్టిద్దాం," అన్నాడు మర్నాడు వాచ్‌మన్ గదిలో గొంతు తగ్గించి. "జబ్బు నాది. నువ్వు నాకు తోడొచ్చావు. డాక్టరు చెప్పేది ఇద్దరం వింటాం, నువ్వు పాటిస్తావు. మూడో మనిషికి తెలియకూడదు. మీ ఎంకమ్మకు తెలిస్తే మా ఆవిడకు తెలుస్తుంది, మా ఆవిడకు తెలిస్తే చిక్కడపల్లి దాకా తెలుస్తుంది."

"మీకెందుకు సారూ పరేషాని?"

"నాకేమవుతుందయ్యా? నాకు జబ్బు లేదుగా!" అన్నాడు విశ్వేశ్వరరావు. చాలా రోజుల తర్వాత ఆయన చేతికి ఒక ఫైలు దొరికింది. ఆ సంతోషంలో మనిషికి ముందూ వెనకా కనిపించవు.

డాక్టరు విద్యావతి నలభై దాటిన మనిషి. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను తీయదు. చీటీ మీద పేరు చూసి, "చెప్పండి విశ్వేశ్వరరావు గారూ, ఎన్నాళ్లుగా ఈ బాధ?" అంది.

"మూడేళ్లుగా. పరంజా మీంచి పడ్డప్పటి నుంచి."

"సూపరింటెండెంటుగా రిటైరయ్యానని రాశారు. పరంజా ఎందుకెక్కారు?"

"తనిఖీకి," అన్నాడాయన తడుముకోకుండా.

"ఏమనిపిస్తుంది?"

"ఎత్తు ప్రదేశములందు ఆందోళన కలుగుచున్నది."

విద్యావతి ఓపిగ్గా చూసింది. "ఆఫీసు భాష వద్దండీ. లోపల ఏమవుతుందో చెప్పండి."

లోపల ఏమవుతుందో విశ్వేశ్వరరావుకు ఏం తెలుస్తుంది? ఆయన లోపల ప్రస్తుతం దొండకాయలున్నాయి. గోడ వైపు చూశాడు. కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డ తిమ్మప్ప, కాసేపు తన చెప్పుల వైపు చూసుకుని, మెల్లగా నోరు విప్పాడు.

"సార్‌కు ముందుగాల అరికాళ్లు సల్లగయితయి మేడమ్. పెయ్యంత తేలికైతది. కింద భూమి ఉన్నదో లేదో తెల్వదు. నిద్రల చేతులు జాపుతడు, ఏమన్న దొరుకుతదేమోనని. గోడ దొరికితే గోడ పట్టుకుని పంటడు."

"ఇంకా?"

"పిల్ల కాలేజి నుంచొచ్చి నవ్వుకుంట ముచ్చట్లు చెప్తుంటది. సార్ ఇంటున్నట్టే తల ఊపుతడు. లోపట మాత్రం పడుతనే ఉంటడు మేడమ్. గా పిల్లకు ఏం తెల్వదు."

విశ్వేశ్వరరావు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. రోజూ గేటు తీసి నమస్తే పెట్టే మనిషి లోపల ఇంత ఉందని ఆయనకు తెలియదు. ఆ కళ్లు తుడుచుకోవడం చూసి విద్యావతికి ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

"మీ సార్‌ని బాగా కనిపెట్టుకుని ఉన్నారే!" అంది తిమ్మప్పతో.

"ఒక్క నిమిషం గూడ ఇడిసిపెట్ట మేడమ్."

మందులు ఇప్పుడే వద్దంది. వారానికోసారి ఇద్దరూ రావాలంది. మనసులో మెదిలేదంతా రోజూ ఒక నోటుపుస్తకంలో రాయమంది. ఇక మెట్లు. మొదటి వారం ఒక అంతస్తు, తర్వాత ఇంకాస్త, తోడుగా వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని ఎక్కాలి. "ఎక్కడం వరకే. దిగేటప్పుడు కిందికి చూడాల్సి వస్తుంది, అది కష్టం. అది ఆఖర్న నేర్పుతాను. అందాకా లిఫ్టులో దిగండి," అని చెప్పి పంపింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో విశ్వేశ్వరరావు అడిగాడు. "అంత బాగా ఎలా చెప్పావయ్యా?"

"నాదని చెప్పాలంటే నోరు రాదు సారూ. మీదంటే వచ్చింది."

మూడు వారాలు అంతా సవ్యంగా సాగింది. మధ్యాహ్నం అపార్ట్‌మెంటు కునుకు తీసే వేళ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కేవారు. విశ్వేశ్వరరావు మెట్లు లెక్కపెట్టేవాడు, తిమ్మప్ప గోడ తడుముకుంటూ ఎక్కేవాడు. ఒకటో అంతస్తు దగ్గర కాసేపు కూర్చుని, లిఫ్టులో దిగేవారు. సాయంత్రం తిమ్మప్ప చెప్పిందంతా విశ్వేశ్వరరావు 'నేను' అంటూ గుండ్రటి అక్షరాలతో నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. తిమ్మప్ప వరసగా రెండు రాత్రులు పడకుండా నిద్రపోయాడు. ఆ మాట చెప్పినప్పుడు విశ్వేశ్వరరావు ఆనందం పట్టలేక దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాడు.

నాలుగో వారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోను మోగింది. భార్య రాజ్యలక్ష్మి ఎత్తింది.

"విశ్వేశ్వరరావు గారి ఇల్లేనా అమ్మా? విద్యావతి మేడమ్ క్లినిక్ నుంచి. సార్ ఈ వారం రెండో అంతస్తు ఎక్కారా? పడిపోతున్నట్టు కలలు తగ్గాయా?"

రాజ్యలక్ష్మి ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఆయన పక్కన పడుకుంటోంది. ఆయన గురకకు తను పడిపోయినట్టు కల వచ్చిందేమో గానీ, ఆయనకు కలలు వస్తాయనే తెలియదు. ఫోను పెట్టేసి, ఆయన బల్ల సొరుగు లాగింది. నోటుపుస్తకం దొరికింది.

'ఈ రోజు కూడా లోపల పడుతూనే ఉన్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మాయి ఇంటర్ పాసయ్యేదాకా బతికి ఉంటే చాలు.'

ఆవిడ మంచం మీద కూలబడిపోయింది. వాళ్లమ్మాయి హారతి ఇంటర్ పాసై ఇరవై ఏళ్లు కావస్తోంది. పెళ్లై ఇద్దరు పిల్లలు. అంటే మనసుకు తోడు మతి కూడా పోతోందన్నమాట! అంత బాధనీ లోపల దాచుకుని, పైకి మాత్రం చారులో ఉప్పు తక్కువైందని దెబ్బలాడుతున్నాడు మహానుభావుడు.

డాక్టరు చెప్పేదాకా అడక్కూడదని ఆవిడ గుండె రాయి చేసుకుంది. కానీ గుండె రాయి చేసుకున్న మనిషి ఎవరో ఒకరికి ఆ మాట చెప్పుకోవాలి. అంట్లు తోముతున్న ఎంకమ్మకు చెప్పుకుంది.

"అయ్యో అమ్మా! సార్‌కా? మంచిగనే ఉంటడు గద!"

"పైకి అలాగే ఉంటారే. లోపల పడుతున్నారట."

సాయంత్రానికి అపార్ట్‌మెంటులో తెలియనివాళ్లు లేరు. అసోసియేషన్‌కు అధ్యక్షుడు విశ్వేశ్వరరావే కాబట్టి, ఆయన లేకుండా అత్యవసరంగా సమావేశమయ్యారు. మేడ తలుపుకు తాళం వేయాలని తీర్మానించి, ఆ తాళంచెవి తిమ్మప్ప చేతిలో పెట్టారు. "సార్‌ని మెట్ల దిక్కు పోనియ్యకు. కంటికి రెప్పలా చూస్కో," అని మూడో ఫ్లోరు రాజశేఖర్ మరీ మరీ చెప్పాడు. ఎత్తంటే వణికే తిమ్మప్పను, ఎత్తంటే లెక్కలేని విశ్వేశ్వరరావుకు కాపలా పెట్టి అందరూ తృప్తిగా ఇళ్లకు పోయారు.

మర్నాటి నుంచి మెట్ల మీద సాధన సాగలేదు. ఇద్దరూ మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి ఏదో ఒక తలుపు తెరుచుకునేది. "సార్, లిఫ్టుంది కదా సార్!" అంటూ ఆప్యాయంగా ఆయన్ని లిఫ్టులోకి తోసేవారు. పునఃపరిశీలనకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. తిమ్మప్పకు మళ్లీ ఒక రాత్రి కల వచ్చింది. దాంతో విశ్వేశ్వరరావు బాగా ఆలోచించి, హిమాయత్‌నగర్‌లో మెట్లూ లిఫ్టూ రెండూ ఉన్న మూడంతస్తుల చీరల దుకాణం ఒకటి కనిపెట్టాడు.

రెండు రోజులకోసారి అక్కడికి వెళ్లేవారు. మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఎక్కడం, లిఫ్టులో దిగడం. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఒక అమ్మాయి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి చీరలు పరిచింది. అంత మర్యాద చేశాక ఊరికే లేచి రావడం విశ్వేశ్వరరావుకు చేతకాలేదు. ఒక చీర తెచ్చాడు. ఆ తర్వాత మరొకటి. ఆ వరసలో ఐదు.

రాజ్యలక్ష్మి పెళ్లైన నాటి నుంచి తన చీరలు తనే కొనుక్కుంది. పండక్కి కూడా షాపు గడప తొక్కని మొగుడు రోజు విడిచి రోజు చీర కవరుతో గుమ్మంలో నిలబడుతుంటే ఆవిడకు దుఃఖం ఆగలేదు. "పోయేలోపు నా ముచ్చట తీరుద్దామనుకుంటున్నారు," అని హారతికి ఫోన్లో చెప్పి ఏడ్చింది. రంగులు మాత్రం బాగున్నాయనీ చెప్పింది.

అక్కడ ఎంకమ్మకు వేరే మంట. "తారీకు నెత్తి మీదికొచ్చింది. కాయితాలు సదురుకునే సోయి లేదు. గా సార్ పిచ్చికి నువ్వెందుకయ్యా తిరుగుతున్నవ్?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

పునఃపరిశీలన జరిగే గురువారం రానే వచ్చింది. శిబిరం ఒక పాత ప్రభుత్వ భవనంలో పెట్టారు. నడవలేనివాళ్లను పరీక్షించే శిబిరం గనక రెండో అంతస్తులో పెట్టారు. కింద గోడకు ఒక కాగితం అంటించి ఉంది. 'లిఫ్టు పనిచేయదు. మెట్లు ఎక్కలేనివారు ఆ విషయం రెండో అంతస్తులోని కౌంటరులో తెలియజేయవలెను.' విశ్వేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. రాసినవాడి భాషలో దోషం లేదని ఒప్పుకున్నాడు.

"పైకి పోకుంటే ఏమైతది సారూ?"

"గైర్హాజరు వేస్తారు."

"పోతే?"

విశ్వేశ్వరరావు చెయ్యి చాచాడు. తిమ్మప్ప పట్టుకున్నాడు. నలభై నాలుగు మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర తిమ్మప్ప ఆగిపోయి కళ్లు మూసుకున్నాడు. ముప్ఫై దగ్గర కళ్లు తెరిచాడు. చివరి మెట్టు ఎక్కి, కిటికీలోంచి నారాయణగూడ ఫ్లైఓవర్ మీద పోయే బస్సుల్ని చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నేనే ఎక్కిన సారూ!" అన్నాడు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చిన రోజున కూడా విశ్వేశ్వరరావుకు అంత సంతోషం కలగలేదు.

కౌంటరులో పీరయ్య అనే ఆపరేటరు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎట్లొచ్చినవ్ అన్నా?"

"మెట్లెక్కి వచ్చిన," అన్నాడు తిమ్మప్ప గర్వంగా.

పీరయ్య టకటకా కొట్టాడు. 'రెండంతస్తులు స్వయంగా ఎక్కగలడు.'

ఎముకల డాక్టరు తన పనిలో ఉన్నాడు. అతని పేరు జోగారావు. కాలు వంచి, చాపి, కొలిచి, "ఎముక బాగానే అతుక్కుంది. ముప్ఫై ఆరు శాతం. నలభై ఉంటేనే పింఛను. పైగా మెట్లెక్కి వచ్చాడు," అన్నాడు.

తిమ్మప్ప ముఖంలో నవ్వు ఆరిపోయింది. విశ్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "అయ్యా, కాలొక్కటే కాదు. ఈయనకు మానసికంగా కూడా బాధ ఉంది. చికిత్స నడుస్తోంది. రికార్డు ఇదిగో!" అని తన సంచీలోంచి క్లినిక్ ఫైలు తీసి పీరయ్యకు ఇచ్చాడు. దాచాలనుకున్న కాగితమే ఇప్పుడు కాపాడాలి. నాలుగు శాతం కోసం.

పీరయ్య ఫైలు తిప్పాడు. "ఇందుల పేరు విశ్వేశ్వరరావు అని ఉన్నది."

"అది నేనే. కానీ జబ్బు నాది కాదు, ఇతనిది. పేరు మాత్రం నాది."

"అంటే మీకు బీమారి లేదంటరు."

"లేదు."

"గిట్లనే అంటరు సార్, శానామంది," అన్నాడు పీరయ్య జాలిగా.

గొడవ విని పక్క గదిలోంచి మనసు డాక్టరు వచ్చింది. ఆ రోజు శిబిరం డ్యూటీ విద్యావతిదే. "విశ్వేశ్వరరావు గారూ! రెండంతస్తులు ఎక్కారా!" అంటూ సంతోషంగా రెండు చేతులూ పట్టుకుంది. విశ్వేశ్వరరావు తల దించుకుని మొత్తం చెప్పేశాడు. వింటున్నకొద్దీ ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఆరు వారాలు నేనెవరికి వైద్యం చేసినట్టండీ? చదువుకున్నవాళ్లు మీరు! నేను మందులు రాసి ఉంటే? ఎవరు మింగేవారు?"

ఆ సంగతి విశ్వేశ్వరరావు కాగితం మీద రాసుకోలేదు. అప్పుడు తిమ్మప్ప ముందుకొచ్చాడు.

"సార్‌ను అనకండి మేడమ్. సార్‌కేం లేదు. పడ్డది నేను. నాకే అరికాళ్లు సల్లగయితయి. గోడ పట్టుకుని పండేది నేనే. సిగ్గయ్యి చెప్పలే."

విద్యావతి గొంతు తగ్గించింది. "నమ్ముతున్నానయ్యా. కానీ నీ పేరు మీద నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఈ రోజు నేనేం రాయలేను."

"అసలు రెండంతస్తులు ఎక్కినవాడికి ఎత్తంటే భయమేంటి?" అని జోగారావు గడియారం చూసుకున్నాడు. రెండింటికి ఆయన మరో ఆసుపత్రిలో ఉండాలి. ముప్ఫై ఆరు అని వేసి, తరవాతి మనిషిని పిలవమన్నాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. సరిగ్గా అదే సమయానికి కింద ఆటో ఆగింది. విశ్వేశ్వరరావు ఏదో రెండో అంతస్తుకు వెళ్లాడని కబురు తెలిసి, రాజ్యలక్ష్మి ఎంకమ్మను వెంటేసుకుని పరిగెత్తుకొచ్చింది. మెట్ల కింద నిలబడి తలెత్తి చూస్తే, పైన చివరి మెట్టు అంచున మొగుడు కనిపించాడు.

"ఏవండీ! కదలకండి! కిందికి దూకకండి!" అని ఆవిడ పెట్టిన కేక మూడు కార్యాలయాల్లో వినిపించింది.

విశ్వేశ్వరరావు కదల్లేదు. తిమ్మప్ప కిందికి చూశాడు. నలభై నాలుగు మెట్లు ఒక్కసారిగా కాళ్ల కిందకొచ్చాయి. అప్పుడు తెలిసింది అతనికి, ఈ ఆరు వారాల్లో ఒక్క మెట్టు కూడా దిగలేదని. అక్కడే చతికిలబడి, రెండు చేతులతో కటకటాలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒళ్లంతా వణుకు.

"సారూ, పడుతున్న!"

"పట్టుకున్నానయ్యా! దిగడం వచ్చేవారం పాఠం, మేడమ్ ఇంకా చెప్పలేదు!" అని విశ్వేశ్వరరావు అరిచాడు.

పాత భవనం మెట్లు ఇరుకు. తిమ్మప్ప కూర్చుంటే ఇక ఎవరికీ దారి లేదు. పైన పరీక్ష అయినవాళ్లు ఊతకర్రలతో నిలబడిపోయారు, కింద పరీక్షకు వచ్చినవాళ్లు నిలబడిపోయారు. జోగారావు సంచీ భుజాన వేసుకుని వచ్చి, "జరగండి, నాకు డ్యూటీ ఉంది!" అన్నాడు. తిమ్మప్ప వేళ్లు ఇనుపకడ్డీల నుంచి ఊడిరాలేదు. ఇద్దరు అటెండర్లు లాగబోతే విద్యావతి కసిరింది. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని తిమ్మప్ప పక్కనే మెట్టు మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుని నాడి చూసింది, నుదుటి చెమట తుడిచింది, మెల్లగా మాట్లాడింది. పావుగంట తర్వాత తలెత్తి జోగారావు వైపు చూసింది.

"ఇప్పుడు చెప్పండి డాక్టరు గారూ, భయమేంటి అన్నారుగా?"

జోగారావు గడియారం చూసుకున్నాడు. "ఏం రాయమంటారు?"

"కొత్త ఫైలు, ఈయన పేరు మీదే. నా పరీక్ష ఇప్పుడే అయింది, రాస్తాను. ఆరు నెలలు చికిత్స, తర్వాత మళ్లీ పరిశీలన. అప్పటిదాకా పాత సర్టిఫికెట్టే చెల్లుతుంది."

"తెండి, తెండి!" అన్నాడు జోగారావు. పీరయ్య లోపలికి పరిగెత్తి, బల్ల మీదున్న కాగితాలన్నీ అట్టకు తగిలించి తెచ్చాడు. జోగారావు గోడకు ఆనించి, చదివే ఓపిక లేక, వరసపెట్టి అన్నిటి మీదా సంతకాలు గీకేశాడు.

ఇక దిగడం. విశ్వేశ్వరరావు తిమ్మప్పకు ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, "నా ముఖమే చూడు, కింద ఏముందో నీకెందుకు?" అంటూ దింపాడు. ఒక పక్క విద్యావతి, సగం దాకా ఎక్కొచ్చిన ఎంకమ్మ ఇంకో పక్క. సంగతేంటో ఎంకమ్మకు అప్పటికి తెలిసింది.

"మూడేండ్ల సంది గోడ దిక్కు మల్లుకుని పండేది గిందుకా అయ్యా?" అంది. "నేనంటే పడక అనుకున్న." తిమ్మప్ప భార్య భుజం పట్టుకుని ఇంకో మెట్టు దిగాడు. ఎంకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆఖరి మెట్టు దిగేసరికి గంటన్నర పట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. రాజ్యలక్ష్మి మాత్రం మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది.

"అయితే మీకేం జబ్బు లేదా?"

"లేదు రాజ్యం."

"మరి ఆ చీరలు?"

"అవి... చికిత్సలో భాగం."

"ఎవరి చికిత్సలో?" అంది ఆవిడ. ఆ పూట ఆయనకు దొండకాయ వేపుడు పెట్టలేదు.

తిమ్మప్ప ఇప్పుడు తన పేరు మీదే నారాయణగూడకు వెళ్తున్నాడు. ఎంకమ్మ తోడు పోతోంది. ఒకరోజు విద్యావతిని అడిగాడట, "మొత్తం నయమైతే పించిన్ ఉంటదా మేడమ్?" అని. ఆవిడ "ముందు నయం కానీ," అందట. ఆ మాట చెప్తూ తిమ్మప్ప నవ్వాడు గానీ, విశ్వేశ్వరరావుకు నవ్వు రాలేదు.

ఇరవై రోజుల తర్వాత ఆ శిబిరం నుంచి అపార్ట్‌మెంటుకు రెండు కవర్లు వచ్చాయి. తిమ్మప్ప కవరులో ఆరు నెలల కాగితం ఉంది. రెండో కవరు విశ్వేశ్వరరావు పేరు మీద వచ్చింది. చేతికిచ్చిన ఫైలు ఎంట్రీ చేయకుండా వదలడం పీరయ్యకు అలవాటు లేదు, ఆ రోజు మెట్ల మీద ఏ కాగితం మీద సంతకం పెట్టాడో జోగారావుకు గుర్తులేదు. లోపల క్లినిక్ ఫైలుకు అంటించిన విశ్వేశ్వరరావు ఫొటోతోనే కార్డు, మానసిక వైకల్యం నలభై ఐదు శాతం అని ఉంది. దాన్ని రద్దు చేయించుకోవాలంటే తనకు జబ్బు లేదని దరఖాస్తు రాసుకుని రెండో అంతస్తుకు స్వయంగా వెళ్లాలి. ఆయన వెళ్లి ఇచ్చాడు కూడా. పీరయ్య దాన్ని జాలిగా తీసుకుని, జబ్బు లక్షణాల కింద జతపరిచాడు.

ఆ కార్డు చివరి గడిలో, తిమ్మప్ప మూడేళ్లుగా తన కాగితంలో వెతుక్కుంటున్న మాట స్పష్టంగా అచ్చయి ఉంది: శాశ్వతం, పునఃపరిశీలన అవసరం లేదు.